మాధ్యమ, డిజిటల్ అక్షరాస్యత

మాధ్యమ, డిజిటల్ అక్షరాస్యత అనగా పత్రిక, రేడియో, టెలివిజన్, సినిమా, అంతర్జాలం, మొబైల్ ఫోను వంటి మాధ్యమాల ద్వారా చేరే సమాచారాన్ని వెదకి, అర్థం చేసుకుని, దాని నిజానిజాలను పరిశీలించి, బాధ్యతతో వాడుకోగల సామర్థ్యం. సొంతంగా సమాచారాన్ని తయారు చేసి ఇతరులకు అందించగలగడం కూడా దీనిలో భాగమే. చదవడం, వ్రాయడం నేర్పిన విధంగానే దీనిని కూడా పాఠశాలలో నేర్పాలన్న భావన 20వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. 1982 తరువాత యునెస్కో చొరవతో ఇది అనేక దేశాలకు విస్తరించింది.

ఈ విద్యను బోధించడానికి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నేడు అనేక వనరులు ఉచితంగా లభిస్తున్నాయి. అయితే ఒక గంట పాఠంతో ఈ నైపుణ్యం అలవడదనీ, తరగతి గదిలో కొన్ని వారాలపాటు క్రమంగా నేర్పినపుడే ఫలితం నిలుస్తుందనీ భారతదేశంలో జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి.

నిర్వచనం, పరిధి

డిజిటల్ అక్షరాస్యత, మాధ్యమ అక్షరాస్యత అనే రెండు మాటలను తరచు ఒకే అర్థంలో వాడుతున్నప్పటికీ వాటి మధ్య భేదం ఉంది.

• డిజిటల్ అక్షరాస్యత: కంప్యూటరును, ఫోనును, అంతర్జాలాన్ని ఉపయోగించడం, సమాచారాన్ని వెదకడం, సంకేతపదాలను, వ్యక్తిగత వివరాలను కాపాడుకోవడం, డిజిటల్ చెల్లింపులు, మోసాల పట్ల జాగ్రత్త మొదలైనవి.
• మాధ్యమ అక్షరాస్యత: ఒక వార్తను, ప్రకటనను, చిత్రాన్ని లేదా వీడియోను ఎవరు, ఎందుకు, ఎవరి కొరకు తయారు చేశారో గ్రహించి దాని విలువను నిర్ణయించడం.
• సమాచార అక్షరాస్యత: అవసరమైన సమాచారాన్ని గుర్తించి, సరైన ఆధారం నుండి పొంది, తగిన విధంగా ఉపయోగించడం. ఈ భావన గ్రంథాలయ శాస్త్రం నుండి వచ్చింది.

ఈ మూడింటిని కలిపి యునెస్కో "మాధ్యమ, సమాచార అక్షరాస్యత" అని వ్యవహరిస్తున్నది. ఫోను వాడకంలో ఆరితేరిన విద్యార్థి తన ఫోనుకు వచ్చిన సందేశం నిజమో కాదో తేల్చుకోగలడని చెప్పలేము. ఒక నైపుణ్యం ఉన్నంత మాత్రాన రెండవది దానంతట అది రాదు.

తప్పుడు సమాచారంలో రకాలు

క్లేర్ వార్డిల్, హొస్సేన్ దెరఖ్‌షాన్ 2017లో ఐరోపా మండలి కొరకు వ్రాసిన నివేదికలో హానికరమైన సమాచారాన్ని మూడు రకాలుగా విభజించారు. మొదటిది, తప్పని తెలియక, చెడు ఉద్దేశం లేకుండా పంచే సమాచారం. రెండవది, హాని చేయడానికి తెలిసే సృష్టించిన అబద్ధం. మూడవది, నిజమే అయినా ఒకరికి హాని కలిగించడానికి బయటపెట్టే సమాచారం. ఉదాహరణకు ఒకరి వ్యక్తిగత సందేశాలను బహిరంగపరచడం మూడవ రకానికి చెందుతుంది. "నకిలీ వార్త" అనే ఒక్క మాట ఈ భేదాలను మరుగుపరుస్తుంది కాబట్టి పాఠ్య సామగ్రిలో ఈ వర్గీకరణ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

చరిత్ర

బ్రిటన్‌లో ఎఫ్.ఆర్.లీవిస్, డెనిస్ థాంప్సన్ 1933లో ప్రచురించిన "కల్చర్ అండ్ ఎన్విరాన్‌మెంట్" ప్రకటనలను, పత్రికల భాషను తరగతిలో పరిశీలింపజేసిన తొలి పుస్తకాలలో ఒకటి. జనరంజక మాధ్యమాల ప్రభావం నుండి పిల్లలను కాపాడటం దాని ధ్యేయం. లెన్ మాస్టర్‌మన్ 1985లో వెలువరించిన "టీచింగ్ ద మీడియా" ఈ దృష్టిని మార్చింది. మాధ్యమాలు వాస్తవానికి అద్దం పట్టవనీ, ఎంపికల ద్వారా దానిని నిర్మిస్తాయనీ, ఆ నిర్మాణాన్ని విప్పి చూపడమే బోధన అనీ ఆయన ప్రతిపాదించారు.

1982 జనవరి 22న పశ్చిమ జర్మనీలోని గ్రూన్‌వాల్డ్‌లో యునెస్కో నిర్వహించిన సమావేశంలో 19 దేశాల ప్రతినిధులు మాధ్యమ విద్యపై ఒక ప్రకటనను ఆమోదించారు. బాల్యం నుండి వయోజన విద్య వరకు మాధ్యమ విద్యను అందించాలని, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని అది ప్రభుత్వాలను కోరింది. 1983లో ఫ్రాన్స్ విద్యా మంత్రిత్వ శాఖ మాధ్యమ విద్య కొరకు "క్లెమి" అనే కేంద్రాన్ని స్థాపించింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1987లో మాధ్యమ అక్షరాస్యతను ఇంగ్లీషు పాఠ్యాంశంలో తప్పనిసరి చేసి, 1989లో ఉపాధ్యాయుల కొరకు వనరుల కరదీపికను ప్రచురించింది.

ఫిన్లాండ్‌లో 2016 నుండి అమలులోకి వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక "బహుళ అక్షరాస్యత"ను అన్ని సబ్జెక్టులలో భాగం చేసింది. గణితంలో అంకెలతో ఎలా మభ్యపెట్టవచ్చో, చిత్రకళలో చిత్రం అర్థాన్ని ఎలా మార్చవచ్చో, చరిత్రలో ప్రచార సామగ్రి ఎలా పనిచేసిందో పిల్లలు నేర్చుకుంటారు. యునెస్కో 2011లో ఉపాధ్యాయుల కొరకు ఒక నమూనా పాఠ్యప్రణాళికను, 2021లో దాని రెండవ కూర్పును విడుదల చేసింది. ప్రతి సంవత్సరం అక్టోబరు 24 నుండి 31 వరకు ప్రపంచ మాధ్యమ, సమాచార అక్షరాస్యతా వారోత్సవంగా జరపాలని 2021లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది.

మౌలిక ప్రశ్నలు

ఏ మాధ్యమ సందేశాన్ని పరిశీలించినా వేయదగిన ప్రశ్నలను పాఠ్య సామగ్రి సాధారణంగా ఈ విధంగా కుదించి చెబుతుంది.

1. దీనిని ఎవరు తయారు చేశారు? ఖర్చు ఎవరు భరించారు?
2. చూపరుల దృష్టిని ఆకర్షించడానికి ఏ మెళకువలు వాడారు?
3. ఇదే సందేశాన్ని వేర్వేరు ప్రాంతాల, వయసుల వారు ఎలా అర్థం చేసుకుంటారు?
4. ఏ అభిప్రాయాలకు చోటు దొరికింది? ఏవి కనబడలేదు?
5. దీనిని పంపినవారికి కలిగే ప్రయోజనం ఏమిటి?

పరిశీలనా పద్ధతులు

వెబ్ పేజీలను అంచనా వేయడానికి మొదట ప్రచారంలోకి వచ్చినవి తనిఖీ జాబితాలు. కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయపు చికో ప్రాంగణ గ్రంథాలయంలో 2004లో రూపొందిన "క్రాప్ పరీక్ష" వీటిలో ప్రసిద్ధమైనది. సమాచారం తాజాదనం, సందర్భోచితత్వం, రచయిత అధికారం, ఖచ్చితత్వం, ఉద్దేశం అనే అయిదు అంశాలను ఇది పరిశీలించమంటుంది. అయితే చక్కని రూపకల్పన, సంస్థ పేరు, చిరునామా ఉన్న మోసపూరిత పేజీ కూడా ఈ పరీక్షలో నెగ్గే అవకాశముంది.

ఈ లోపాన్ని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ వెలుగులోకి తెచ్చారు. 2017లో వెల్లడించిన అధ్యయనంలో వారు 10 మంది చరిత్ర ఆచార్యులకు, 10 మంది వృత్తిరీత్యా వాస్తవ నిర్ధారకులకు, 25 మంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లను చూపి వాటి విశ్వసనీయతను అంచనా వేయమన్నారు. ఆచార్యులలో, విద్యార్థులలో చాలామంది ఇచ్చిన పేజీనే పైనుండి క్రిందికి శ్రద్ధగా చదివి పొరబడ్డారు. వాస్తవ నిర్ధారకులు మాత్రం కొద్ది క్షణాలలోనే ఆ పేజీని విడిచి, కొత్త ట్యాబులు తెరచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెదికారు. ఈ విధానానికి "పార్శ్వ పఠనం" అని పేరు వచ్చింది.

మైక్ కాల్‌ఫీల్డ్ 2019లో ఇదే విధానాన్ని "సిఫ్ట్" పేరుతో నాలుగు అడుగులుగా కూర్చారు.

• ఆగడం: చదివిన వెంటనే నమ్మకుండా, పంపకుండా నిలవడం.
• మూలాన్ని పరిశోధించడం: చెప్పినవారెవరో తెలుసుకోవడం.
• మెరుగైన కథనాన్ని వెదకడం: అదే విషయాన్ని నమ్మదగిన ఇతర పత్రికలు, సంస్థలు చెప్పాయేమో చూడటం.
• తొలి సందర్భానికి వెళ్ళడం: మాటను, చిత్రాన్ని, వీడియోను అది మొదట వెలువడిన చోట చూడటం.

చిత్రాల విషయంలో గూగుల్ లెన్స్, టిన్‌ఐ వంటి సాధనాల ద్వారా ఒక చిత్రం అంతకుముందు ఎక్కడ కనిపించిందో వెదకవచ్చు. తొలగించిన లేదా మార్చిన వెబ్ పేజీల పాత రూపాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని వేబ్యాక్ మెషీన్‌లో చూడవచ్చు. కృత్రిమ మేధతో సృష్టించిన డీప్‌ఫేక్ వీడియోలకు ఈ సాధనాలు ఒక్కొక్కప్పుడు చాలవు. 2023 నవంబరులో మరొక మహిళ వీడియోకు నటి రష్మిక మందన్న ముఖాన్ని అతికించిన డీప్‌ఫేక్ దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది. ఆ వీడియో అసలు రూపం అంతర్జాలంలో ఉన్నందువలన దానితో పోల్చి మార్పును నిర్ధారించడం సాధ్యమైంది. కంటితో చూసి లోపాలను పట్టుకోవడం కంటే మూలాన్ని వెదకడమే మేలని ఇటువంటి ఉదాహరణలు తెలుపుతాయి.

విద్యార్థుల స్థితి

స్టాన్‌ఫోర్డ్ బృందం 2016లో అమెరికాలోని 12 రాష్ట్రాల విద్యార్థుల నుండి 7,804 సమాధానాలను సేకరించి పరిశీలించింది. "స్పాన్సర్డ్ కంటెంట్" అని స్పష్టంగా వ్రాసి ఉన్న ప్రకటనను మాధ్యమిక పాఠశాల విద్యార్థులలో 80 శాతానికి పైగా వార్తగానే భావించారు. 2019లో ఇదే బృందం 3,446 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులకు అమెరికా ఎన్నికలలో రిగ్గింగ్ జరిగినట్లు చెప్పే వీడియోను చూపింది. అది నిజానికి రష్యాలో తీసినది. సగానికి పైగా విద్యార్థులు దానిని బలమైన సాక్ష్యంగా అంగీకరించారు. పరీక్ష సమయంలో అంతర్జాలం అందుబాటులో ఉన్నప్పటికీ, వీడియో మూలాన్ని కనుగొన్నవారు ముగ్గురు మాత్రమే.

ప్రధాన వనరులు

అంతర్జాతీయ వనరులు

• యునెస్కో పాఠ్యప్రణాళిక: ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల కొరకు రూపొందినది. ఉచితంగా దింపుకొని స్థానిక అవసరాలకు అనుగుణంగా మార్చుకోవచ్చు.
• మీడియాస్మార్ట్స్: 1996లో కెనడాలో మొదలైన సంస్థ. తరగతుల వారీగా పాఠాలు అందిస్తుంది. ఇళ్ళలో బొటనవ్రేలంత నీటిగుర్రాలు నివసిస్తున్నాయని నమ్మించే 1999 నాటి కెనడా టెలివిజన్ ప్రకటనను ఈ సంస్థ 2019లో తిరిగి రూపొందించింది. తెరపై కనబడినదంతా నిజం కాదని చిన్నపిల్లలకు చెప్పడానికి ఈ ప్రకటన ఉపకరిస్తుంది.
• సివిక్ ఆన్‌లైన్ రీజనింగ్: పార్శ్వ పఠనాన్ని నేర్పే స్టాన్‌ఫోర్డ్ బృందపు పాఠాలు. ఈ బృందం తరువాత డిజిటల్ ఇంక్వైరీ గ్రూప్ అనే స్వతంత్ర సంస్థగా మారింది.
• చెకాలజీ: 2008లో స్థాపించబడిన న్యూస్ లిటరసీ ప్రాజెక్ట్ నడిపే బోధన వేదిక. పాత్రికేయులే పాఠాలు చెబుతారు.
• కామన్ సెన్స్ ఎడ్యుకేషన్: వ్యక్తిగత గోప్యత, ఆన్‌లైన్ వేధింపులు, ఫోను వాడకంపై నియంత్రణ వంటి అంశాలపై కిండర్‌గార్టెన్ నుండి 12వ తరగతి వరకు పాఠాలు.
• బ్యాడ్ న్యూస్: కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల సహకారంతో 2018లో విడుదలైన ఆట. ఆడేవారు తామే తప్పుడు వార్తలు పుట్టించే పాత్ర వహించి, ఆ కిటుకులను గుర్తుపట్టడం నేర్చుకుంటారు.

భారతీయ వనరులు

• ఫ్యాక్ట్‌శాల: ఇంటర్‌న్యూస్, డేటాలీడ్స్ సంస్థల ఆధ్వర్యంలో మొదలైన శిక్షణ కార్యక్రమం. పాత్రికేయులు, అధ్యాపకులు శిక్షకులుగా పలు భారతీయ భాషలలో తరగతులు నిర్వహించారు.
• వాస్తవ నిర్ధారణ వెబ్‌సైట్లు: హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఫ్యాక్ట్‌లీ ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ కథనాలు ప్రచురిస్తుంది. న్యూస్‌మీటర్, విశ్వాస్ న్యూస్ కూడా తెలుగులో లభిస్తాయి. ఈ కథనాలలో ఒక వదంతిని ఏ క్రమంలో పరిశీలించారో వివరంగా ఉంటుంది కాబట్టి వాటిని పాఠాలుగా వాడుకోవచ్చు.
• పీఐబీ ఫ్యాక్ట్ చెక్: కేంద్ర ప్రభుత్వ పథకాలు, ఉత్తర్వుల పేరిట వచ్చే సందేశాలను పరిశీలించడానికి 2019లో ఏర్పడిన ప్రభుత్వ విభాగం.
• 1930: ఆన్‌లైన్ ఆర్థిక మోసాల ఫిర్యాదు కొరకు జాతీయ సహాయ కేంద్రం నంబరు.

భారతదేశంలో అమలు

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005 ఆధారంగా ఎన్.సి.ఇ.ఆర్.టి. 2007లో వెలువరించిన 7వ తరగతి సాంఘిక, రాజకీయ జీవనం పుస్తకంలో మాధ్యమాలపై ఒకటి, ప్రకటనలపై ఒకటి చొప్పున రెండు పాఠాలు ఉండేవి. 2020 నాటి జాతీయ విద్యా విధానం విద్యార్థులకు కావలసిన నైపుణ్యాలలో డిజిటల్ అక్షరాస్యతను చేర్చింది.

వయోజనుల కొరకు 2014లో జాతీయ డిజిటల్ అక్షరాస్యతా మిషన్, 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ప్రారంభమయ్యాయి. 6 కోట్ల గ్రామీణులకు శిక్షణ ఇవ్వాలన్న లక్ష్యంతో మొదలైన రెండవ పథకం 2024 మార్చిలో ముగిసింది. పరికరాలను వాడటం, అంతర్జాలంలో వెదకడం, నగదు రహిత చెల్లింపులు దీనిలో ప్రధానాంశాలు. 2017లో మొదలైన దీక్షా వేదిక పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్‌ల ద్వారా డిజిటల్ పాఠాలను అందిస్తున్నది.

సమాచారాన్ని బేరీజు వేయడం నేర్పడంలో కేరళ ముందడుగు వేసింది. 2017లో తట్టు, రుబెల్లా టీకాపై వదంతులు వ్యాపించి కొందరు తల్లిదండ్రులు పిల్లలకు టీకా వేయించడానికి నిరాకరించారు. ఈ నేపథ్యంలో కణ్ణూరు జిల్లా కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ "సత్యమేవ జయతే" పేరుతో జిల్లాలోని 150 ప్రభుత్వ పాఠశాలలలో తప్పుడు వార్తలపై తరగతులు ఏర్పాటు చేశారు. 2022లో కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఈ బోధనను రాష్ట్రమంతటా 5 నుండి 10వ తరగతి వరకు లక్షలాది విద్యార్థులకు విస్తరించింది.

తెలుగు రాష్ట్రాలలో

పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతుల వలన 2018లో దేశంలో పలుచోట్ల అమాయకులు మూకల చేతిలో హతమయ్యారు. ఆ సంవత్సరం మే నెలలో తెలంగాణలోనూ ఇటువంటి మరణాలు సంభవించాయి. అప్పట్లో ప్రచారమైన వీడియోలలో ఒకటి నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రకటన. ఎత్తుకుపోయిన పిల్లవాడిని తిరిగి దింపి సందేశం చూపే చివరి భాగాన్ని కత్తిరించి దానిని పంపారు. 2018 జులైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు సంభాషణలకు మించి పంపకుండా పరిమితి విధించింది.

జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు సూపరింటెండెంట్ రెమా రాజేశ్వరి సిబ్బందిని గ్రామాలకు పంపి, డప్పు కళాకారులు, జానపద గాయకుల ద్వారా ఈ వదంతుల గురించి వివరింపజేశారు. వేసవి అయినప్పటికీ ప్రజలు భయంతో ఆరుబయట పడుకోవడం మానివేసిన సంగతిని గమనించిన కానిస్టేబుళ్ళు దానిని అధికారులకు తెలియజేయడంతో ఈ కార్యక్రమం మొదలైంది. చదువురాని వారికి కూడా మాధ్యమ అక్షరాస్యతను వారి భాషలో, వారికి తెలిసిన కళారూపంలో అందించవచ్చునని చూపడానికి దీనిని ఉదాహరణగా పేర్కొంటారు.

పత్రికలలో ప్రకటనకు, వార్తకు మధ్య గీత చెరిగిపోవడం కూడా తెలుగు పాఠకులకు సంబంధించిన విషయమే. 2009 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రలతో సహా పలు రాష్ట్రాలలో అభ్యర్థుల నుండి డబ్బు తీసుకుని వార్తలు ప్రచురించారన్న ఆరోపణలు వచ్చాయి. "పెయిడ్ న్యూస్"గా పేరు పొందిన ఈ వ్యవహారంపై భారత ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘం 2010లో నివేదిక సమర్పించింది. దానిలోని ఇద్దరు సభ్యులు పరంజోయ్ గుహ ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాసరెడ్డి.

తరగతిలో బోధన

కంప్యూటర్లు, అంతర్జాలం లేని పాఠశాలలో కూడా ఈ బోధన సాధ్యమే. సాధారణంగా సూచించే అభ్యాసాలు:

• ఒకే రోజున వెలువడిన రెండు దినపత్రికలలో ఒకే సంఘటన గురించిన వార్తలను ప్రక్కప్రక్కన ఉంచి శీర్షిక, ఛాయాచిత్రం, పేరుతో మాట్లాడిన వ్యక్తులు, వదిలివేసిన విషయాలను పోల్చడం.
• ఒక పత్రికలోని ప్రకటనలను, వార్తలవలె కనబడే ప్రకటనలను వేర్వేరు రంగులతో గుర్తించడం.
• ఒకే ఛాయాచిత్రానికి రెండు భిన్నమైన వ్యాఖ్యలు వ్రాసి అర్థం ఎలా మారుతుందో చూడటం.
• ఇంటిలోని ఫోనుకు వచ్చిన ఒక ఫార్వర్డు సందేశాన్ని, పంపినవారి పేరు లేకుండా, కాగితంపై వ్రాసి తెచ్చి దానిలో తేదీ, స్థలం, ఆధారం ఉన్నాయేమో పరిశీలించడం.
• అంతర్జాలం ఉన్నచోట, 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోని ఒక వ్యాసపు చరితం, చర్చా పేజీలను తెరచి, ఏ వాక్యాన్ని ఎవరు ఎప్పుడు చేర్చారో, దానికి ఆధారం ఉన్నదో లేదో చూడటం.

విదేశీ పాఠాలను అనువదించి యథాతథంగా చెప్పడం కంటే స్థానిక ఉదాహరణలు చేర్చడం అవసరం. అమెరికా పాఠాలు ఎక్కువగా వెబ్‌సైట్ల చుట్టూ అల్లినవి. తెలుగు విద్యార్థులకు వదంతులు కుటుంబ వాట్సాప్ గ్రూపులో బంధువుల పేరుతో చేరుతాయి. పంపినది మేనమామ లేదా పెద్దనాన్న అయినపుడు "ఇది తప్పు" అని చెప్పడం కంటే "ఇది ఎక్కడి నుండి వచ్చిందండీ?" అని అడగడం సులభం. పెద్దలను కించపరచకుండా సందేహాన్ని వ్యక్తపరచడం కూడా ఈ విద్యలో నేర్పవలసిన అంశమే.

ఫలితాలపై పరిశోధన

2019 సార్వత్రిక ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రీనాథన్ బీహారులో 1,224 మందిపై జరిపిన ప్రయోగంలో, ఇంటివద్ద ఇచ్చిన సుమారు గంట శిక్షణ వలన తప్పుడు వార్తలను గుర్తించే శక్తి సగటున పెరగలేదు. అధికార పార్టీ అభిమానులలో తమ పార్టీకి అనుకూలమైన అబద్ధాలను గుర్తించే శక్తి తగ్గినట్లు కూడా తేలింది. 2020లో ఆండ్రూ గెస్ తదితరులు ప్రచురించిన అధ్యయనంలో క్లుప్తమైన సూచనలు చదివిన తరువాత నిజమైన, తప్పుడు వార్తల మధ్య భేదాన్ని గుర్తించడం అమెరికాలో 26.5 శాతం, భారతదేశంలోని ఉన్నత విద్యావంతులైన ఆన్‌లైన్ పాఠకులలో 17.5 శాతం మెరుగుపడింది. ఉత్తర భారత గ్రామీణులలో మాత్రం మార్పు కనబడలేదు.

దీనికి భిన్నమైన ఫలితం బీహారులోనే 583 గ్రామాలలో 13,500 మందికి పైగా కౌమార విద్యార్థులతో జరిపిన తరువాతి ప్రయోగంలో వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో గ్రంథాలయాలలో అనేక వారాలపాటు తరగతులు నిర్వహించారు. ఆరోగ్య వదంతులను గుర్తించడంలో, పంచేముందు ఆలోచించడంలో విద్యార్థులు మెరుగుపడ్డారు. నాలుగు నెలల తరువాత కూడా ప్రభావం నిలిచి, రాజకీయ సమాచారానికి కూడా విస్తరించింది. వారి తల్లిదండ్రులలోనూ మార్పు కనబడింది. అమెరికాలో 499 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో కూడా 50 నిమిషాల చొప్పున ఆరు పాఠాలు విన్నవారు విననివారికంటే మెరుగైన ఫలితం చూపారు.

విమర్శలు

ప్రతిదానినీ ప్రశ్నించమని మాత్రమే నేర్పితే విద్యార్థులు దేనినీ నమ్మని స్థితికి చేరుతారని పరిశోధకురాలు డానా బోయ్డ్ 2018లో హెచ్చరించారు. వదంతులను వ్యాప్తి చేసేవారు కూడా "స్వయంగా పరిశోధించండి" అనే మాటనే ఉపయోగిస్తారని ఆమె గుర్తు చేశారు. ఈ కారణం చేత తప్పుడు సమాచారాన్ని తిరస్కరించడంతో పాటు నమ్మదగిన దానిని గుర్తించి నమ్మడం కూడా నేర్పాలని పలువురు విద్యావేత్తలు అభిప్రాయపడుతున్నారు. తప్పుడు సమాచారాన్ని వ్యాప్తి చేసే వేదికల బాధ్యతను విస్మరించి, భారమంతా విద్యార్థి మీద, ఉపాధ్యాయుని మీద మోపడం సరికాదన్నది మరొక విమర్శ.

ఇవి కూడా చూడండి

• అక్షరాస్యత
• పాత్రికేయ వృత్తి
• తెలుగు వికీపీడియా
• జాతీయ విద్యా విధానం 2020
• డీప్‌ఫేక్
• వాట్సాప్